పోగు

డాక్టర్ పాఢీ బల్ల మీద
పోగుని వెల్లకిలా తిప్పింది.
ఒళ్ళు తెలిసిన పామైతే
ఆ క్షణమే బోర్లా తిరుగుతుందట.
పోగు తిరగలేదు.
తెల్లటి పొట్టని ఫ్యాను గాలికి వదిలేసి
తల మాత్రం పైకి, ఇంకా పైకి,
కప్పు మీంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

గోడ గడియారం చూశాను.
పదకొండు సెకన్లు.

ఏం తింటుంది? ఎలకలు.
ఎక్కడ ఉంటుంది?
బరంపురంలో, మా నేతల వీధిలో,
మగ్గానికీ బీరువాకీ మధ్య
రెండడుగుల సందులో అద్దాల పెట్టె.
బీరువాలో పట్టు, పట్టు మడతల్లో కలరా ఉండలు.
ఆ వాసన మాకు వాసన కాదు,
అమ్మ కొంగు ఎప్పుడూ అలాగే ఉండేది.
డాక్టరమ్మ రాసుకుంది.

మందేమైనా కొట్టారా?
పాముకీ పేలు పడతాయని నాకప్పుడే తెలిసింది,
పొలుసుల కింద మిరియప్పొడిలా.
కుక్కల మందు నీళ్ళలో కలిపి తుడిచాను.
ఎన్ని నీళ్ళు?
చేత్తోనే.
అద్దకం తొట్టిలో ఎరుపెంతో మా చేతికి తెలుసు,
విషానికీ అదే చెయ్యి పెట్టాను.
ఆమె కలం కాసేపు ఆగింది.

ఎండల్లో రేకుల కప్పు కింద
బల్బు ఆరలేదు ఒక రాత్రంతా.
అదీ చెప్పాను.
పెట్టె అద్దం తాకితే చురుక్కుమంది.
మెదడు ఉడికితే మళ్ళీ పచ్చిది కాదు అని
గుడ్డు సంగతి చెప్పినంత మామూలుగా అంది.

ఒక వైరస్ కూడా ఉందట, పేలే మోస్తాయట.
దానికి పేరుంది, మందు లేదు.
నెత్తురు ఎక్కడికో దూరం పంపాలి,
జవాబు వచ్చేదాకా ఈ పాము ఉంటుందో ఉండదో.

అప్పుడు, ఎందుకో, ఒడియాలో అడిగింది
ఎప్పుడైనా కింద పడిందా అని.
నాహిఁ అన్నాను.
అబద్ధం రెండో భాషలో తేలిక.

చివరికి దీపం దగ్గరికి జరిపి
దాని వీపు మీద వేలు పెట్టింది.
తేనెరంగు మీద సన్నటి నల్ల గీతలు.
సాలీడు రకం.
నేత ఇంటికి సాలీడు అని మురిసి కొన్నాం,
రెండు చీరల కూలి.
ఈ గీతలెక్కడుంటే వణుకక్కడుంటుంది,
రెండూ ఒకే పొట్లంలో పుడతాయి, అంది.
కొన్నరోజే వణికిందా?

ఫోనులో పాత వీడియో వెతికాను.
చిటికెన వేలంత పోగు
తల అటూ ఇటూ ఊపుతోంది.
వెనక నా గొంతు:
నాన్నా, చూడు, ఆడుతోంది!

ఇంటికొచ్చి చెబితే నాన్న మగ్గం ఆపలేదు.
అట్టలో ఒక్క చిల్లు తప్పితే
ప్రతి నెమలికీ మెడ వంకరే వస్తాదమ్మా.
నెమలేటి చేస్తాది?

ఆ మాట పట్టుకుని పడుకోవచ్చు.
అట్ట తప్పు. ఎవరో కొట్టిన చిల్లు.
కానీ అప్పుడు పోగు ఊగేది,
వెల్లకిలా ఉండిపోయేది కాదు.

కలరా ఉండలన్నీ ఏరి వీధి చివర పారేశాను.
చీరలు మేడ మీద ఆరేశాను.
సాయంత్రానికి అమ్మ చీర
ఉత్త చీరలా ఉంది.

రాత్రి పటకారుతో ఎలకని పెట్టాను.
పోగు గాలిని కరిచింది.
మళ్ళీ వేసిన కాటు పటకారుకి తగిలింది.
నేను ఊపిరి బిగబట్టి
ఎలకని దాని నోటికే తెచ్చి ఆనించాను.
పట్టుకుంది.
మింగడానికి ముప్పావుగంట,
మధ్యలో రెండుసార్లు ఎటు మింగాలో మరిచిపోయింది.

పదిన్నరకి డాక్టరమ్మకి ఫోన్ చేశాను.
పడింది, అన్నాను తెలుగులో.
తుఫాను రాత్రి గదిలోకి నీళ్ళొస్తే
పెట్టెతో సహా మెట్లెక్కుతున్నాను.
చీకటి. ఇంకో చేతిలో చీరల మూట.
జారుతున్నప్పుడు
రెండిట్లో ఒకటే పట్టుకోగలిగాను.

అటువైపు కాగితం తిప్పిన చప్పుడు.
ఎన్నో మెట్టు? అంది.